మీ సర్వర్‌కి ఊరేమిటి?

మా బిల్డ్‌లో ఒక విచిత్రమైన టెస్టు ఉండేది. పగలంతా బుద్ధిగా పాసయ్యేది. రాత్రి పదకొండున్నరకీ పాసే. పన్నెండు దాటిందా, ఫెయిల్. తెల్లవారుజామున అయిదున్నర అయిందా, మళ్లీ పాస్. అదీ టీములో ఒక్క కుర్రాడి ల్యాప్‌టాప్‌లోనే. అమెరికా వాళ్లతో మాట్లాడే డ్యూటీ అతనిది. ఆ వేళప్పుడు మేలుకుని టెస్టులు నడిపేది అతనొక్కడే. బిల్డ్ సర్వర్‌లో మాత్రం ఏ వేళ చూసినా గ్రీన్.

"అన్నా, నా దాంట్లోనే పోతోంది. సర్వర్‌లో బానే ఉంది. వదిలెయ్యనా?" అన్నాడు.

ఈ మాట మామూలుగా తిరగేసి వినిపిస్తుంది. "నా మెషీన్‌లో బానే ఉంది, సర్వర్‌లోనే పోతోంది" అనేది సాఫ్ట్‌వేర్ వాళ్ల నిత్యపారాయణం. ఇక్కడ ఊరంతా బాగుండి ఒక్క ఇల్లే బాగోలేదు. ఊరంతా ఒక మాట మీద ఉన్నప్పుడు తేడాగా మాట్లాడేవాణ్ణి అనుమానించడం మనకి అలవాటు. అతనూ తన ల్యాప్‌టాప్‌నే అనుమానించాడు, పాపం.

ఆ టెస్టు చూసేది చాలా చిన్న విషయం. బిల్లు తయారైతే దాని మీద ఇవాళ్టి తేదీ పడుతోందా లేదా. బిల్లు వేసే కోడ్ తాను నడుస్తున్న కంప్యూటర్‌లో ఏ టైమ్‌జోన్ ఉంటే ఆ లెక్కన తేదీ తీసుకుంటుంది. టెస్టు రాసినవాళ్లు సరిచూసే తేదీని యూటీసీలో, అంటే లోకమంతటికీ ఉమ్మడి కాలమానంలో, తీసుకున్నారు. సర్వర్ టైమ్‌జోన్ కూడా యూటీసీయే కనక అక్కడ రెండు తేదీలూ ఎప్పుడూ కలుస్తాయి. పద్మారావు నగర్‌లో కూర్చున్న ల్యాప్‌టాప్ మన కాలమానంలో ఉంటుంది, యూటీసీ కన్నా అయిదున్నర గంటలు ముందు. ఇక్కడ ఏప్రిల్ 1 తెల్లవారుజాము రెండు గంటలైతే యూటీసీలో ఇంకా మార్చి 31 రాత్రి ఎనిమిదిన్నర. అంటే రోజుకి అయిదున్నర గంటలసేపు రెండు తేదీలకీ పొసగదు.

ఇప్పుడు ఎవరిది తప్పు? కొనేవాళ్లందరూ ఇక్కడివాళ్లే. ఏప్రిల్ 1 తెల్లవారుజామున ఒకాయన ఏదో కొంటే, యూటీసీలో బతికే సర్వర్ ఆ బిల్లు మీద మార్చి 31 అని వేస్తుంది. ఆ అమ్మకం పోయిన ఆర్థిక సంవత్సరం లెక్కలోకి పోతుంది, జీఎస్టీ రిటర్నూ దాని వెంటే పోతుంది. సర్వర్‌లో టెస్టు పాసవడానికి కారణం కోడ్ బాగుండటం కాదు. కోడ్, టెస్టు, సర్వర్ మూడూ కలిసి ఒకే వైపు తప్పాయి. నిజం చెప్పింది అర్ధరాత్రి ఫెయిలైన ల్యాప్‌టాప్ ఒక్కటే, అదీ తనకి తెలియకుండా.

మీటింగ్‌లో వచ్చిన మొదటి సలహా ఏమిటో ఈ పనిలో ఉన్నవాళ్లు ఊహించగలరు. "అందరి ల్యాప్‌టాప్‌లూ యూటీసీకి మార్చేద్దాం." అలా చేస్తే టెస్టు ఇంకెప్పుడూ ఫెయిలవదు. బిల్లు మీద తేదీ మాత్రం తప్పుగానే పడుతూ ఉంటుంది, కానీ ఆ మాట చెప్పేవాడు ఉండడు.

ఇలాంటి ఫెయిల్యూర్లకి మా దగ్గర వాడుకలో ఉన్న మందులు చాలా తక్కువ. రీరన్ కొట్టు. మూడుసార్లు నడిపి ఒక్కసారి పాసైనా పాసే అనుకో. స్కిప్ పెట్టి పైన "తర్వాత చూడాలి" అని కామెంట్ రాయి. ఆ "తర్వాత" ఎప్పుడూ రాదని రాసేవాడికీ తెలుసు, చదివేవాడికీ తెలుసు. చిన్న కంపెనీల సోమరితనమని దీన్ని కొట్టిపారేయలేం. కోడ్‌లో అక్షరం మారకపోయినా ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే టెస్టుల్ని ఫ్లేకీ అంటారు. తమ దగ్గర నడిచే టెస్ట్ రన్‌లలో 1.5 శాతం ఇలాంటివేనని, టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఏదో ఒక మోతాదులో ఈ జబ్బు ఉందని గూగుల్ వాళ్లు 2016లో చెప్పుకున్నారు. పాస్ నుంచి ఫెయిల్‌కి మారినట్టు కనిపించిన సందర్భాల్లో 84 శాతంలో ఒక ఫ్లేకీ టెస్టు ఉందట. అంటే రెడ్ లైటు వెలిగినప్పుడల్లా పరుగెత్తేవాడు ఎక్కువసార్లు ఉత్త పుణ్యానికి పరుగెత్తుతాడు. కొన్నాళ్లకి పరుగు మానేస్తాడు. అసలు నిప్పంటుకున్న రోజున కూడా రీరన్ కొడతాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఈ తేదీ గొడవ తేలాక కూడా నన్ను వదలనిది వేరే ప్రశ్న. యూనిట్ టెస్టు అంటే ప్రోగ్రాంలో ఒక చిన్న ముక్కని మిగతా లోకంతో సంబంధం లేకుండా పక్కకి తీసి, "నువ్వు నువ్వుగా సరిగ్గా ఉన్నావా?" అని అడగడం. ఆ అడగడం వెనక ఒక నమ్మకం ఉంది: ఆ ముక్కకి దాని సొంత స్వభావమంటూ ఒకటుందనీ, చుట్టూ ఉన్నవాటిని తీసేస్తే అది తేటగా కనిపిస్తుందనీ. కృష్ణ ఒడ్డున మన నాగార్జునకొండకి ఎవరి పేరైతే వచ్చిందని సంప్రదాయం చెబుతుందో, ఆ బౌద్ధాచార్యుడు తన తర్కమంతా ఈ నమ్మకాన్ని విరగ్గొట్టడానికే వాడాడు. దేనికీ దానంతట దానికి స్వభావం లేదు, ఉన్నదంతా ఇతరాల మీద ఆధారపడి ఉన్నదే అన్నాడు. పదిహేడు వందల ఏళ్ల తర్వాత, 1906లో, పియేర్ దుహెం అనే ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త వేరే దారిలో నడిచి దాదాపు ఆ గడప దగ్గరికే వచ్చాడు. ఏ ప్రయోగమూ ఒక్క సిద్ధాంతాన్ని ఒంటరిగా పరీక్షించలేదు. ఫలితం తప్పితే తప్పింది ఆ సిద్ధాంతమో, పరికరమో, మనం చెప్పకుండా నమ్మిన మరొకటో ప్రయోగం చెప్పదు అని. బిల్డ్ సర్వర్ ముందు కూర్చున్న ఎవరికైనా ఇది రోజూ అనుభవమే. రెడ్ లైటు "ఎక్కడో ఏదో పొసగలేదు" అని మాత్రమే చెబుతుంది. నేరస్థుణ్ణి మనమే ఎంచుకుంటాం.

ఎంచుకోవడంలో పొరబడటం ఎంత దూరం పోగలదో చూపించే కథ ఈ ఊళ్లోనే, మా హైదరాబాద్‌లోనే ఉంది. కంప్యూటర్లు పుట్టక ముందు కథ.

1847 నవంబర్‌లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫామ్‌ని మత్తుమందుగా వాడటం మొదలుపెట్టాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరిలో, న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి ఆ మత్తు పీల్చి చనిపోయింది. అప్పట్నుంచి నలభై ఏళ్లు వైద్యులు రెండు ముఠాలుగా తగవులాడుకున్నారు. మత్తు చంపేది ఊపిరి ఆపా, గుండె ఆపా? ఎడిన్‌బరో వాళ్లు ఊపిరి చూసుకోండి చాలన్నారు. లండన్ వాళ్లు నాడి వదలొద్దన్నారు. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ దగ్గర చదువుకున్న ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్‌కి రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, వైద్య పాఠశాల అతని చేతికిందే నడిచేవి. వేలమందికి క్లోరోఫామ్ ఇచ్చాం, మా దగ్గర ఒక్కరూ పోలేదు అనేది అతని ధీమా. "మా మెషీన్‌లో బానే ఉంది" అనే వాక్యానికి ఇంతకన్నా పాత హైదరాబాదీ రూపం నాకు దొరకలేదు.

లారీ ఉత్తి మాటలతో ఊరుకోలేదు. 1888లో నిజాం ప్రభుత్వం ఖర్చుతో ఒక కమిషన్ వేయించి కుక్కల మీద ప్రయోగాలు చేయించాడు. ప్రతిసారీ ముందు ఊపిరి ఆగింది, తర్వాతే గుండె. లండన్‌లో లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అయితే మీరే మనిషిని పంపండి అని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండె ఆగి చనిపోవచ్చని నమ్మిన పెద్దమనిషి. ఈసారి కుక్కలూ కోతులూ వగైరా కలిపి 400కు పైగా జంతువులు. నాడి, రక్తపోటు గీతలు గీసే పరికరాలు పెట్టారు. అన్నిటా అదే ఫలితం. బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకుని, హైదరాబాద్ మాటే నిజమని లండన్‌కి కబురు పంపాడు.

ఇది అల్లాటప్పా వ్యవహారం కాదని గుర్తుంచుకోవాలి. ఎదుటి పక్షం మనిషిని పిలిపించి, అతని కళ్లముందే చేసిన పరీక్ష. వందల రన్‌లు, అన్నీ గ్రీన్. మత్తు ఇచ్చిన చేతులు కూడా మంచి చేతులే. ఆ హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీకి ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలని పేరుంది. అయినా ఇంగ్లాండులో మనుషులు బల్ల మీద చనిపోతూనే ఉన్నారు. 1893లో కేంబ్రిడ్జ్‌లో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు వేరే పద్ధతిలో చేసి చూసి, క్లోరోఫామ్ గుండెని నేరుగా దెబ్బతీస్తుందన్నారు. చివరికి 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో చిక్కుముడి వీడింది. గుండె ఆగేది మత్తు ఎక్కువైనప్పుడు కాదు, చాలీచాలకుండా ఉన్నప్పుడు. పైపై మత్తులో ఉన్న ఒంట్లోకి అడ్రినలిన్ వచ్చి పడితే గుండె కొట్టుకోవడం మాని వణుకుతుంది, క్షణాల్లో ఆగుతుంది. అడ్రినలిన్ భయంలో ఊరే రసం. హన్నా గ్రీనర్ ఆ గోరు కోత తల్చుకుని ఏడుస్తూ ఉందని అప్పటి కథనాలు.

హైదరాబాద్ కమిషన్ అబద్ధం చెప్పలేదు. మందు ఎక్కించుకుంటూ పోతే ఏది ముందు ఆగుతుందని అడిగింది. నిండు మత్తులో ఉన్న జంతువు నిజమే చెప్పింది. సగం మత్తులో, నిండు భయంలో ఉన్న పదిహేనేళ్ల పిల్ల ఆ పరీక్షలో లేదు. తేలినదల్లా "ఇలా ఇచ్చినప్పుడు, ఇంత ఇచ్చినప్పుడు, ఈ చేతుల మీదుగా" అనే మూడు షరతుల వెనక నిలబడ్డ నిజం. రిపోర్టులోకి వచ్చేసరికి షరతులు రాలిపోయి నిజం ఒక్కటే మిగిలింది. బ్రంటన్ స్థానంలో నేనుంటే నాకూ ఆ షరతులు కనిపించి ఉండేవని అనుకోను. వందల గ్రీన్‌ల ముందు నిలబడి "ఇందులో లేనిదేమిటి" అని అడగాలంటే తెలివి ఒక్కటే చాలదు, కాస్త మొండితనం కావాలి.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడే కథ ఎనిమిదేళ్ల తర్వాత సికింద్రాబాద్‌లో జరిగింది. అది జరిగిన బేగంపేట మా ఇంటి నుంచి ఆటోలో పోయే దూరమే. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని పాట్రిక్ మాన్సన్ చెప్పిన ఊహని పట్టుకుని రోనాల్డ్ రాస్ ఇక్కడ దోమల పొట్టలు కోసి చూస్తూ కూర్చున్నాడు. 1895 నుంచి రెండేళ్లపాటు ఏమీ దొరకలేదు. ఊహ తప్పేమో అనుకోవడానికి కావలసినన్ని ఫెయిల్యూర్లు. తప్పిందల్లా దోమ జాతి. అతను పెంచినవి ఎక్కువగా క్యూలెక్స్, ఈడిస్ దోమలు. మనిషి మలేరియా క్రిమికి వాటిలో చోటు లేదు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న వేరే రకం దోమలు దొరికాయి. ఆగస్టు 20న వాటిలో ఒకదాని పొట్ట గోడలో నల్లరంగు చుక్కలున్న మలేరియా క్రిమి కణాలు కనిపించాయి. వెంటనే ప్రభుత్వం అతన్ని రాజపుతానాలోని ఖేర్వారాకి బదిలీ చేసింది. అక్కడ మలేరియా దాదాపు లేదు. మనిషి మలేరియా మీద పరిశోధన అక్కడితో ఆగింది. మిగతాది తర్వాత కలకత్తాలో పిట్టల మీద పూర్తిచేశాడు.

లారీది దొంగ పాసు. రాస్‌ది దొంగ ఫెయిల్. మా పనిలో దొంగ ఫెయిల్యూర్ల మీదే ఏడుపంతా. అవి నిద్ర చెడగొడతాయి, రిలీజ్ ఆపుతాయి, మేనేజర్‌కి జవాబు చెప్పిస్తాయి. దొంగ పాసుల మీద ఫిర్యాదు చేసిన మనిషిని నేనింతవరకు చూడలేదు. రాస్‌కి రెండేళ్లు పోయాయి, సరే. దొంగ పాసుకి ఎవరి ఏళ్లు పోయాయో లెక్క లేదు. రెండిట్లో నాకు భయం వేసేది గ్రీన్ లైటంటేనే.

పరిసరం మారితే ఫలితం మారడానికి ఇంకో చిన్న ఉదాహరణ. చదవడానికి అనుమతి లేని ఫైలుని తెరవబోతే ప్రోగ్రాం మర్యాదగా "కుదరదు" అని చెబుతుందా అని చూసే టెస్టు. మామూలు యూజర్ దగ్గర పాసవుతుంది. కంటైనర్‌లో పెట్టి నడిపితే ఫెయిల్, ఎందుకంటే కంటైనర్లలో చాలావాటిలో ప్రోగ్రాం రూట్ యూజర్‌గా నడుస్తుంది. రూట్‌కి ఫైలు మీద ఏ తాళం వేసినా తెరుచుకుంటుంది. అనుమతి లేకపోవడమనేదే దానికి ఎదురుపడదు. దీన్ని సరిచేయడం అయిదు నిమిషాల పని, కంటైనర్‌లో వేరే యూజర్‌ని పెడితే సరి. కానీ సర్వాధికారాలూ ఉన్నవాడి చేత తలుపులు సరిగ్గా మూసుకుంటున్నాయో లేదో పరీక్షింపజేయడం సాఫ్ట్‌వేర్‌లోనే కాదు, కమిటీలు వేసే ప్రతిచోటా చూస్తూనే ఉన్నాం.

మా వాకర్ టౌన్ సందులో పక్కింట్లో రిటైర్డ్ రైల్వే గార్డు గారున్నారు. సాయంత్రాలు స్కందగిరి గుడి దాకా నడిచి వస్తారు. తేదీ గొడవ గురించి చెబితే అంతా విని, "మీ సర్వర్‌కి ఊరేమిటయ్యా?" అన్నారు.

"ఊరేముంటుంది గార్డు గారూ? క్లౌడ్‌లో ఉంటుంది. ఇవాళ ముంబయి, రేపు సింగపూర్."

"మరి ఊరు లేనివాడికి తేదీ ఎలా ఉంటుంది? మా పెద్దాడు అట్లాంటాలో ఉన్నాడు. ఏకాదశి వాళ్లకి ఒక్కోసారి మనకన్నా ముందురోజే వస్తుంది. తిథి మొదలయ్యే క్షణం లోకమంతటికీ ఒకటే, సూర్యోదయం మాత్రం ఎవరి ఊరిది వాళ్లదే. ఊరు చెప్పకుండా ఇవాళేం తిథని అడిగితే పంచాంగం ఏం చెబుతుంది?"

ఆయన అంతటితో ఆపలేదు. పూజకి కూర్చున్నవాడు దేవుణ్ణి ఏదైనా అడిగే ముందు సంకల్పం చెబుతాడు కదా అన్నారు. ఏ ద్వీపంలో, శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ ఉన్నాడో. ఏ సంవత్సరం, ఏ ఆయనం, ఏ ఋతువు, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథో. అదంతా అయ్యాకే తన గోత్రం, తన పేరు. "మీవాడు సంకల్పం చెప్పకుండా పూజ మొదలెట్టాడు. అంతే" అని లోపలికి వెళ్లిపోయారు.

సంకల్పం వింటాడనే దేవుడి మీద నాకు నమ్మకం లేదు. కానీ అది చెప్పుకునే పద్ధతిలో ఉన్న నిజాయితీ నాకు నచ్చింది. "నేను" అనే మాట చిట్టచివర వస్తుంది, అంతకుముందు చోటూ కాలమూ ఒప్పుకున్నాక. మంచి బిల్డ్ స్క్రిప్ట్ కూడా అలాగే మొదలవుతుంది: ఏ టైమ్‌జోన్, ఏ లొకేల్ (ఏ భాష, ఏ ప్రాంతం), ఏ కంపైలర్ వెర్షన్, ఏ యూజర్. మేమూ చివరికి అదే చేశాం. బిల్లు వేసే కోడ్‌కి "ఎవరి తేదీ?" అనే ప్రశ్నకి జవాబు బయట్నుంచి అందించాలని నిర్బంధం పెట్టాం. గడియారం కూడా బయట్నుంచే. టెస్టులో బొమ్మ గడియారం పెట్టి అర్ధరాత్రికి అటూ ఇటూ జరిపి చూస్తాం.

బొమ్మ గడియారంతో వచ్చే చిక్కు కూడా ఉంది. చుట్టూ ఉన్న ప్రతిదాన్నీ బొమ్మగా మార్చుకుంటూ పోతే టెస్టు ఎప్పుడూ ఫెయిలవదు. నెట్‌వర్క్ బొమ్మ, డేటాబేస్ బొమ్మ, ఫైల్ సిస్టమ్ బొమ్మ. లోకాన్ని ఊడ్చేసి, మిగిలిన గదిలో అంతా సవ్యంగా ఉందని చెప్పుకోవడం. డెబియన్ లినక్స్ వాళ్ల దగ్గర 2013 ప్రాంతంలో మొదలైన రిప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ పని దీనికి తలకిందుల పద్ధతి పట్టింది. ఒకే సోర్సుని రెండుసార్లు బిల్డ్ చేస్తారు. రెండోసారి కావాలని అన్నీ మార్చేస్తారు: టైమ్‌జోన్, భాష, మెషీన్ పేరు, యూజర్ పేరు. తేదీని ఏడాదికి పైగా ముందుకి జరుపుతారు. ఫోల్డర్‌లో ఫైళ్లు ఏ వరసలో కనబడాలో ఆ వరసని చెడగొట్టడానికే డిసార్డర్‌ఎఫ్ఎస్ అని ఒక ఫైల్ సిస్టమ్ రాసుకున్నారు. ఇన్ని తిప్పలు పెట్టినా రెండు ఫలితాలూ బిట్టు తేడా లేకుండా ఒకటే రావాలి. రాకపోతే ఆ ప్రోగ్రాం ఎక్కడో చెప్పకుండా చుట్టూ ఉన్నదాని మీద ఆనుకుందన్నమాట. ఆనుకోవడం తప్పు కాదు, దాచడం తప్పు. ఈ తేడా పట్టుకున్నవాళ్లు ఆ డెబియన్ వాళ్లే అని నా అభిప్రాయం.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఈ పాటి జాగ్రత్త కూడా ఎక్కడా కనిపించదు. ఇప్పుడు ఉద్యోగాలకి మొదటి వడపోత ఇంటి నుంచి రాసే ఆన్‌లైన్ కోడింగ్ టెస్టు. కెమెరా ఆన్‌లో ఉండాలి, వెనక మనిషి కనబడకూడదు, వేరే గొంతు వినబడకూడదు, కళ్లు తెర మీంచి పక్కకి పోకూడదు. వారాసిగూడలో రెండు గదుల పోర్షన్‌లో అయిదుగురు ఉండే ఇంటి పిల్లని ఊహించండి. కుక్కర్ విజిల్ వేస్తుంది. తాతగారు మందు కోసం గదిలోకి వస్తారు. తమ్ముడు తలుపు తీస్తాడు. కరెంటు పోతే వైఫై పోతుంది. ప్రాక్టరింగ్ సాఫ్ట్‌వేర్ ఒక్కోదానికీ ఒక్కో రెడ్ మార్కు వేస్తుంది. ఫలితం పంపేటప్పుడు పేరు ఎదురుగా "నాట్ క్లియర్డ్" అని ఉంటుంది. టెస్టు ఫెయిలైన మెషీన్ గురించి మేము మెమరీ ఎంత, డిస్క్ ఎంత, నెట్‌వర్క్ ఎప్పుడు తెగింది అని పేజీలకొద్దీ లాగ్ దాచుకుంటాం. పిల్ల ఫెయిలైతే పిల్ల పేరొక్కటే మిగులుతుంది. ఆ లాగ్ ఎవరు రాయాలి?

ఇక్కడ ఎదురు ప్రశ్న వేసుకోకపోతే నేను సులువైన దారి పట్టినట్టే. అన్నిటికీ పరిస్థితులే కారణమంటే ఏ కోడూ తప్పు కాదు, ఏ మనిషీ దేనికీ బాధ్యుడు కాడు. "ఎన్విరాన్‌మెంట్ ఇష్యూ" అని టికెట్ మూసేయడం మా వృత్తిలో చేతకానివాళ్ల ఆశ్రమం. పనికిరాని కోడ్‌ని ఆ ముసుగులో ఏళ్లకేళ్లు కాపాడినవాళ్లని చూశాను. పైగా ఇంకో మాట ఉంది. ఆ పిల్ల రేపు పనిచేయబోయేది కూడా గోలలోనే, తెగిపోయే నెట్‌వర్క్‌లోనే. మరి నిశ్శబ్దంలో చేసిన పరీక్ష ఎవరి గురించి చెబుతుంది? కుక్కర్ విజిల్ మధ్య నాలుగు ప్రశ్నలు చేసినవాళ్లూ, ఏసీ గదిలో అయిదు చేసినవాళ్లూ, ఇద్దరిలో ఎవరు ఎక్కువ తెలిసినవాళ్లు? నా దగ్గర సూత్రం లేదు. మనిషి ఎక్కడ ఆగి చుట్టుపక్కల ఎక్కడ మొదలవుతుందో గీత గీయగలిగితే సూత్రం దొరికేది. కోడ్ విషయంలోనే ఆ గీత మాకు సరిగ్గా గీయడం రాలేదు.

తెలిసిందల్లా ఒకటి. ఎన్ని పరిసరాల్లో పరీక్షించాలి అనే ప్రశ్నకి జవాబు చెప్పేది చివరికి ఖర్చు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లని పడగొట్టిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. "జ్ఞా"ని కళ్లకి కనబడని ఒక గుర్తుతో కలిపి పంపితే ఐఓఎస్ 11 నడుస్తున్న ఫోన్లో మెసేజ్ తెరిచిన యాప్ కూలిపోయేది. ఆపిల్ వాళ్లు కొద్దిరోజుల్లోనే, ఫిబ్రవరి 19న, 11.2.6 విడుదల చేసి సరిచేశారు. అంత పెద్ద కంపెనీకి పరీక్షలు తక్కువై కాదు. ఎనిమిది కోట్లమంది మాట్లాడే భాషలో ఆ అక్షరం ఆ రూపంలో వాళ్ల జాబితాలో లేదు, అంతే. జాబితాలో ఎవరు ఉండాలో ఎంచుకునే గదిలో మనవాళ్లు లేకపోయి ఉంటారా? అక్కడ పనిచేసే తెలుగువాళ్లకి కొదవ లేదన్నది అందరికీ తెలిసిందే. ఉన్నా ఆ అక్షరం ఎవరి తలపులోకీ రాలేదు.

మా బిల్డ్ ఇప్పుడు నాలుగు పరిసరాల్లో నడుస్తుంది. యూటీసీ, మన కాలమానమైన కోల్‌కతా, మనకన్నా పావుగంట ముందుండే ఖాట్మండూ, నాలుగోది టర్కీ లొకేల్. టర్కీ భాషలో పెద్ద ఐ అక్షరాన్ని చిన్నక్షరంగా మారిస్తే చుక్క లేని ఐ వస్తుంది. ఇంగ్లిషు లెక్కన రాసిన ప్రోగ్రాంలు అక్కడ ఫైళ్ల పేర్లు పోల్చుకోలేక తడబడతాయి. ఒకటి ఉన్నచోట నాలుగు నడపాలంటే సర్వర్ బిల్లు పెరుగుతుంది. మొన్న మేనేజర్ గారు జాబితా చూసి, "టర్కీలో మనకి కస్టమర్లు ఎంతమంది?" అన్నారు.

"ఒక్కరూ లేరండీ."

"మరి తీసెయ్యండి."

అర్ధరాత్రి టెస్టు పట్టుకున్న కుర్రాడు ఊరుకోలేదు. "మన యాప్ అక్కడ తెరుచుకోకపోతే కస్టమర్లు ఎలా వస్తారు సార్?" అన్నాడు. మేనేజర్ గారు కోప్పడలేదు, ఆయన అన్నదాంట్లోనూ న్యాయముంది. లేని కస్టమర్ కోసం పెట్టే డబ్బు ఉన్న కస్టమర్ పని నుంచి తీసిపెట్టాలి. ఈ లెక్కన అరబ్బీ, థాయ్, అమ్హారిక్ కూడా పెట్టాలి, ఎక్కడ ఆపుతాం అన్నారు. దానికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. టర్కీ రన్‌ని రోజూ కాకుండా ఆదివారం రాత్రికి మార్చడానికి ఒప్పందం కుదిరింది. పోయిన ఆదివారం అందులో రెండు టెస్టులు ఫెయిలయ్యాయి. టికెట్ వేశాం. ప్రయారిటీ గడిలో ఏం రాయాలో ఇంకా తేలలేదు.